రాజవ్వ ఆకుమూట మీద నా ఆర్కిడ్ రాయి

ఈ రోజు శనివారం. ఎన్నడూ లేనిది పని తొందరగా తెమలడంతో తాలూకా ఆఫీసు నుంచి గంట ముందే ఇల్లు చేరాను. చెప్పులు కూడా విప్పకుండా కిటికీ దగ్గరికి పోయాను. అక్కడ రాయి లేదు!

అది ఉత్త రాయి కాదు. బెంగళూరు నుంచి పార్సిల్లో తెప్పించిన ఆర్కిడ్‌ను దానికి దారంతో కట్టాను. రాళ్ల మీదే బతికే జాతి, ఆకులు గోరంత ఉంటాయి. ఎండుతుందేమోనని ఒకసారి, కుళ్లుతుందేమోనని ఒకసారి, రెండు నెలలుగా నాకు కుదురు లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని జరుపుతాను, నీళ్లు చిలకరిస్తాను, మళ్లీ తుడుస్తాను.

వెతుక్కుంటూ బయటికి వస్తే పక్కింటి రాజవ్వ అరుగు మీద బీడీలు చేస్తోంది. తునికాకు ఆరిపోకుండా చుట్టిన తడి గోనెపట్టా మీద, బరువుకు, నా రాయి!

“గిదేంది రాజవ్వా?” అని అరిచాను.

“గింతదానికి పరేషానైతవేంది బిడ్డా? నువ్వు ఆఫీసుకు పోంగనే తెచ్చుకుంటున్న, నువ్వచ్చేటాల్లకు మల్ల కిటికీల పెడుతున్న. నెల సంది గిదే నడుస్తుంది. మీ అవ్వనే తీస్కపొమ్మన్నది.”

విసురుగా రాయిని ఎత్తాను. తడి పట్టా తగిలిన వైపే మూడు కొత్త వేర్లు, కొసలు పచ్చగా. అవి నా సేవ ఫలితమేనని మొన్ననే ఆఫీసంతా చెప్పుకున్నాను.

రాయిని మళ్లీ మూట మీదే పెట్టి వచ్చాను. అప్పటి నుంచి మూడుసార్లు గోడ మీదుగా తొంగి చూశాను.

రేపు ఆదివారం. రోజంతా ఇంట్లోనే ఉంటాను. ఆ మొక్కకు నా నుంచి ఎట్లా సెలవు ఇప్పించాలో మీరే చెప్పండి.