కుచ్చిళ్లలో చిలకలు

ఆమె వేళ్లంటే నాకు ఇప్పటికీ మంటే.

సూరత్‌లో మా డిజైన్ స్టూడియోలో చీరల ప్రింట్లు, దుకాణాల బోర్డులు, మిఠాయి డబ్బాలు అన్నీ గీసేవాళ్లం. నా పక్క బల్ల ఆమెది. సూరత్ శివారు భేస్తాన్‌లో పెరిగిన తెలుగమ్మాయి. నేను గీసిన డిజైన్ గుడ్డ మీద అచ్చయి రాగానే, ఆమె దాన్ని లాక్కుని చకచకా కుచ్చిళ్లు పెట్టేసేది. మడతల్లో నా నెమళ్లకు తలలు మాయమయ్యేవి.

"చీర గోడకు తగిలిస్తరా భాయ్, నడుముకు కడ్తరా?" అని నవ్వేది.

ఆ మాట నిజం కావడమే నాకు మరీ మంట. మా సేఠ్ నా డిజైన్ చూడడం మానేసి, ఆమె వేళ్లనే చూసేవాడు.

ఒకరోజు ఆమె డిజైన్ అచ్చయి వచ్చింది. గుడ్డ నిండా ఎడమెడంగా చిలకలు. ఆమె టీకి వెళ్లగానే, నీ చిలకల సంగతీ చూద్దామనుకుంటూ నేనే కుచ్చిళ్లు పెట్టాను. ఒక్కదానికీ తల తెగలేదు. మడత మడతకూ దగ్గరికి జరిగి, అన్నీ ఒకే గుంపుగా ఎగిరాయి.

"ఎట్లున్నది భాయ్?" వెనక నుంచి ఆమె గొంతు.

"పర్వాలేదు," అన్నాను.

అంతలో సేఠ్ చెప్పుల చప్పుడు వినిపించింది. గబగబా మడతలు విప్పి ఆ గుడ్డను సాపు చేసేశాను.