మూడువందల పన్నెండో కొక్కేనికి వేలాడిన గడియారం

పూలమ్మ చేతికి ఆ గడియారం కట్టింది కూతురు సంధ్యారాణి. బస్టాండులో ఒకసారి కళ్లు తిరిగి కూలబడినందుకు శిక్ష. పది రోజులు తీయకుండా పెట్టుకోవాలి. అది రాసుకునే గుండె లెక్క సరిగా ఉంటే ఉద్యోగం చేసుకోవచ్చు, లేకుంటే మానేసి ఇంట్లో కూర్చోవాలి. ఆ పిల్ల దవాఖానలో నర్సు. ఆమె మాట మీద అప్పీలు లేదు.

పూలమ్మది గోదావరిఖనిలో ఒక బాయి మీద ల్యాంప్‌రూం పని. భర్త పోయాక వచ్చిన కొలువు, పంతొమ్మిదేళ్లయింది. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు కిటికీ దగ్గర నంబరు బిళ్ల ఇచ్చి నెత్తిలైటు తీసుకుంటారు. బిళ్లను ఆమె గోడమీద అదే నంబరు కొక్కేనికి తగిలిస్తుంది. పైకొచ్చినవాళ్లు లైటు ఇచ్చి బిళ్ల పట్టుకుపోతారు. కొక్కేనికి బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఆ లెక్క ఒక్కనాడూ తప్పలేదు. కొలువుకు మిగిలిన రెండేళ్లూ అట్లాగే నడిపి గౌరవంగా దిగిపోవాలని ఆమె పంతం.

గడియారం మంచిదే, దాని పట్టీయే దుర్మార్గం. నల్ల రబ్బరుది. వదులు చేస్తే గుండె లెక్క అందదు. బిగిస్తే ఎండకు చెయ్యి ఉబ్బి కోసుకుపోతుంది. చెమటా బొగ్గునుసీ కలిసి దాని కింద ముద్ద కడతాయి. గాజులకు తగులుకుంటుంది. విప్పి మళ్లీ పెట్టుకోవాలంటే పళ్లతో లాగాలి. దాన్ని తయారుచేసిన పెద్దమనిషి రామగుండం ఎండలో అరపూట నిలబడిన పాపాన పోయి ఉండడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మణికట్టు దద్దురెక్కి మంట పెట్టింది. పూలమ్మ గడియారం విప్పి, చెయ్యి కడుక్కుని, దాన్ని దగ్గరున్న ఖాళీ కొక్కేనికి తగిలించింది. అది మూడువందల పన్నెండు, రాజం నంబరు. రాజం ఆరోజు డ్యూటీకి రాలేదు. తరువాత లైట్లు తుడిచే పనిలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

మూడున్నరకు షిఫ్టు అయిపోయి అందరూ పైకొచ్చారు. షిఫ్టును చూసుకునే ఓవర్‌మెన్ ఎల్లేశం కిటికీలోంచి గోడ చూశాడు. కొక్కేలన్నీ ఖాళీ, ఒక్కదానికి మాత్రం గుండ్రంగా, నల్లగా ఏదో వేలాడుతోంది. ఒక మనిషి పైకి రాలేదన్నాడు. బస్సెక్కబోయేవాళ్లు ఆగిపోయారు. ఇద్దరు మళ్లీ లైట్లు అడిగారు, వెతకడానికి దిగుతామని.

పూలమ్మ తిరిగి చూసింది. మూడువందల పన్నెండుకు వేలాడుతున్నది తన గడియారమే. చటుక్కున గడియారం తీసి కొంగులో దాచి, ఆ బిళ్ల ఇప్పుడే ఇచ్చేశానంటే గడిచిపోయేది. అది ఆమెకూ తోచింది.

"బాయిల ఎవ్వరు లేరు తమ్మీ. అది నా గడియారం. నేనే తగిలేసిన."

బస్సు దగ్గర ఎవరో, పూలక్క గడియారాన్ని డ్యూటీకి దింపిందిరోయ్ అన్నారు. అందరూ నవ్వారు. ఎల్లేశం మాత్రం నవ్వలేదు.

"నీ గోడ సూసే మేం ఇంటికి వోతం అక్కా," అన్నాడు మెల్లగా.

తిట్టినా అంత బాధ ఉండకపోవును. గడియారం మళ్లీ చేతికి ఎక్కించుకుంది.

ఇంటికి పోయి ఆలోచించింది. నెత్తిలైటు బ్యాటరీ కట్టుకునే బెల్టు నడుముకు ఒరుసుకుంటోందని ఎవరు మొత్తుకున్నా, పాత పంచె గుడ్డ మడిచి లోపల కుట్టి ఇచ్చేది తనే. ఎంతమంది నడుములకో కుట్టింది. తన మణికట్టు ఒక్కటే గుర్తు రాలేదు. రబ్బరు పట్టీ ఊడబీకి, మెత్తని పంచె గుడ్డను నాలుగు మడతలు వేసి కొత్త పట్టీ కుట్టింది. మధ్యాహ్నం చెయ్యి ఉబ్బుతుందని ఒక గుండీ ఎక్కువ పెట్టింది. మాసిపోతే ఉతుక్కోవచ్చు.

పదో రోజు సంధ్యారాణి ఫోనులో లెక్కంతా చూసింది.

"నాలుగోనాడు రెండు గంటలు ఏమీ లేదు. ఆ ఎంటనే గుండె గంత జోరుగ కొట్టుకున్నదేందమ్మా?"

మూసిపెట్టే పనే అయితే ఆరోజు కిటికీ దగ్గరే మూసిపెట్టేది. పూలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బిడ్డ తెరను వేలితో జరిపి చూసింది. మిగతా రోజులన్నీ నిమ్మళంగా ఉన్నాయి.

"గంత భయపడ్డా కూలవడలే నువ్వు. డ్యూటీ మానుమనే ముచ్చట ఇంక ఎత్తను, పో."

అని తన ఎడమచెయ్యి చాపింది. ఆమెదీ అట్లాంటి గడియారమే, పట్టీ కింద ఎర్రటి గీత.

"నాగ్గూడ ఒకటి కుట్టియ్యి."

పూలమ్మ ఆ మణికట్టును వేళ్లతో కొలిచి, పాత పంచె కోసం లేచింది.