ముగ్గుపిండి గీసిన అల

ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ పోయిన వారం పత్తికొండలో పోయారు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, అడుగున మేకుతో చిల్లి పొడిచిన పాలపొడి డబ్బా.

సరళ హరాత్మక చలనం అంటే అప్పట్లో నాకు చచ్చే భయం. బోర్డు మీద సైన్ తరంగం ఎన్నిసార్లు చూసినా ఒక్క ముక్క ఎక్కేది కాదు. మా ఇంట్లో కాలేజీకి వచ్చినదాన్ని నేనే మొదట. అయినా సైన్సు మానేసి వేరే గ్రూపుకు మారిపోతానని సార్‌కు చెప్పేశాను.

"పోదువులే పాపా. ఈ పొద్దుకు ఈడ కూచో," అన్నారు.

డబ్బాలో ముగ్గుపిండి పోసి, ఫ్యాను లేని కొక్కేనికి తాడుతో వేలాడదీసి ఊపారు. నేల మీద ఒకటే గీత పడింది. కింద నల్లగుడ్డ పరిచి, ఊపుకు అడ్డంగా మెల్లగా లాగమన్నారు. ముగ్గేసే అలవాటు నాది. గీత వంకరపోతోందని గుడ్డ ఆపి ఆపి సరిచేయబోయాను. ఆపినచోటల్లా పిండి కుప్పపడి అల నలిగిపోయింది.

సార్ పగలబడి నవ్వారు. "ముగ్గు నువ్వు ఎయ్యొద్దు పాపా! దాన్ని ఊగనీ. నువ్వు గుడ్డ పట్టుకోని ఒకే తీరుగా నడువు, సాలు."

అలాగే నడిచాను. వెనక్కి తిరిగితే గుడ్డ నిండా అల!

"డబ్బా పొయ్యేదీ వచ్చేదీ ఒకే దోవలోనే. గుడ్డ నడుస్తాండాది కాబట్టి అల పడతాండాది. ఆ నడకే కాలం అనుకో."

సమీకరణంలో కాలానికి పనేమిటో నాకు ఆ రోజు తెలిసింది. గ్రూపు మారలేదు.

చీర ఊయల కనిపిస్తే సార్ అడుగు ముందుకు పడేది కాదు. చేతిగడియారం చూసుకుంటూ, ఎంత ఊపినా ఒక్కో ఊపుకు పట్టే సమయం దాదాపు అంతేనని, ఊయలను పొట్టిగా కడితేనే అది తగ్గుతుందని బిడ్డ తల్లికి పాఠం మొదలుపెట్టేవారు. "బిడ్డ ఇప్పుడే పండుకున్యాడు సార్, మెల్లగా మాట్లాడండి," అని ఆమె బతిమాలేది.

కబురు తెలిసి సార్ ఇంటికి వెళ్లాను. చావు జరిగిన ఇల్లు కదా, వాకిట్లో ముగ్గు లేదు. ఆ బోసి వాకిలి చూసి ఏడుపు ఆగలేదు. సార్ భార్య లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఈడుండి ఏం చేస్తాదమ్మా? నీ పిల్లోళ్లకు పనికొస్తాది."

నేనిప్పుడు కల్లూరులో ఫిజిక్స్ చెబుతున్నాను. ఆయన లేకపోతే నా చేతిలో చాక్‌పీసు ఉండేది కాదు. నిన్న తరగతిలో డబ్బా వేలాడదీశాను. గుడ్డ లాగుతున్న అమ్మాయి అచ్చం నాలాగే ఆగి, గీత సరిచేయబోయింది. "ముగ్గు నువ్వు ఎయ్యొద్దు పాపా!" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, నడిచింది.

గంట కొట్టారు. ఎప్పుడూ తోసుకుంటూ పరిగెత్తే పిల్లలు, అలను తొక్కకుండా గోడవారగా ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు.