వేటకెళ్ళిన తాతకు ఏ టెన్సు?

డిగ్రీ మొదటి ఏడాదిలో మా ఇంగ్లీషు మేడమ్ నన్ను బారువ అమ్మాయితో జత కలిపారు. మేమిద్దరం సోంపేటలో ఒకే బస్సు ఎక్కి పలాస కాలేజీకి వచ్చేవాళ్ళం, అదొక్కటే కారణం. మేడమ్ రోజూ టెక్కలి నుంచి వచ్చేవారు. ప్రయాణంలో పోయే సమయమంటే ఆవిడకు మహా బాధ. అందుకే మాకో నియమం పెట్టారు: సోంపేటలో బస్సెక్కింది మొదలు పలాస పక్కనే కాశీబుగ్గలో దిగేదాకా తెలుగు మాట్లాడకూడదు.

మాది జలంత్రకోట. కొబ్బరి, జీడి తోటలున్న ఇల్లు. నన్ను చిన్నప్పటి నుంచి సోంపేటలో ఇంగ్లీషు మీడియంలో చదివించారు. గ్రామర్‌లో ఖాళీలు పూరించమంటే పది నిమిషాల్లో పూరించి పెన్ను మూసేదాన్ని. ఎవరైనా ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో పలకరిస్తే మాత్రం తల దించుకుని తప్పుకునేదాన్ని. ఆ అమ్మాయి నాకు పూర్తిగా వ్యతిరేకం. నాన్న సముద్రం మీదకు వేటకెళ్తాడు, తను ఊళ్ళోని సర్కారు బడిలో తెలుగు మీడియం చదివింది. మాట్లాడే ప్రతి వాక్యంలోనూ ఒక తప్పుండేది, అయినా ఆగేది కాదు. పైగా ఆమెకు ప్రతిదీ తెలుసుకోవాలని ఉండేది. 'గో'కి 'వెంట్' ఎలా వచ్చింది, రెండింట్లో ఒక్క అక్షరమైనా కలవలేదేమని ఆమె అడిగిన రోజున నేను ఇంటికెళ్ళి రాత్రంతా ఫోన్‌లో వెతికాను. అప్పటిదాకా నాకా సందేహమే రాలేదు.

మొదటి వారం సంభాషణల పుస్తకం పట్టుకుని కూర్చున్నాం. ఒక పాఠంలో హోటల్, ఇంకో పాఠంలో విమానాశ్రయం. విమానాశ్రయం మాకు అచ్చిరాలేదు, హోటలే నయమనిపించింది. నేను సర్వరు, ఆమె కస్టమరు. మర్నాడు ఆమె సర్వరు. సూప్ కావాలా అని ఒకరు, ఏ సూప్ ఉందని ఇంకొకరు. నాలుగో రోజున కండక్టరు టికెట్లు కొడుతూ మా సీటు దగ్గర ఆగాడు.

"ఏటమ్మా, రోజూ సూపేనా? ఒక్కపూటైనా అన్నం తినరేటి?"

బస్సులో సగం మంది నవ్వారు. నేను పుస్తకంలో తల దూర్చేశాను. ఆమె మాత్రం కండక్టరు వైపు తిరిగి, "టుమారో రైస్, సర్," అంది.

మర్నాటి నుంచి ఆ పాఠం మానేసి 'హావ్ యు ఎవర్' అభ్యాసం మొదలుపెట్టాం. ఎప్పుడైనా ఏనుగును చూశావా, ఎప్పుడైనా విమానం ఎక్కావా, ఎప్పుడైనా మంచు ముట్టుకున్నావా అని పుస్తకంలో ఇరవై ప్రశ్నలున్నాయి. మా ఇద్దరి జవాబూ ఇరవైకి ఇరవై 'నో, ఐ హావెంట్'. దారిలో హరిపురం రాకముందే ప్రశ్నలైపోయాయి. అప్పుడామె తన ప్రశ్నలు తను అల్లడం మొదలుపెట్టింది.

"హావ్ యు ఎవర్ సీన్ అవర్ విలేజ్?"

"యెస్, ఐ హావ్." బారువ బీచ్‌కి మేం కుటుంబంతో చాలాసార్లు వెళ్ళాం.

"నాట్ బీచ్. అవర్ హౌసెస్."

"నో, ఐ హావెంట్."

"వై?"

అవునంటే ఏమనాలో, కాదంటే ఏమనాలో పుస్తకంలో ఉంది. ఎందుకంటే ఏమనాలో లేదు. మా ఇంటి నుంచి వాళ్ళ ఇళ్ళు ఆటోలో అరగంట దూరం కూడా కాదు. ఆమె కోపంగా అడగలేదు, దెప్పలేదు. తెలుసుకుందామనే అడిగింది. జవాబు కోసం నిజంగానే కాసేపు చూసి, రాకపోయేసరికి ఇంకో ప్రశ్న వేసింది.

"హావ్ యు ఎవర్ ఈటెన్ డ్రై ఫిష్?"

తిన్నానన్నాను. ఎవరు తెస్తారంది. గంపెత్తుకుని ఒకామె వస్తుందని ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పాను. ఆమె పేరేమిటని అడిగింది. తెలియదన్నాను. అంతే, నియమం గాలికొదిలేసి తెలుగులోకి వచ్చేసింది.

"ఎడం సేతి మీద తేలు పచ్చబొట్టుంటాదా? ముక్కుకి రెండేపులా పుడకలు?"

"అవును. నీకెలా తెల్సు?"

"మా మామ్మేనే!" అని నా భుజం మీద ఒకటి చరిచింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గంప మా అరుగు మీద దిగుతోంది. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి ఎండుచేపలు దోసెళ్ళతో కొలిచి ఇచ్చి, బదులుగా జీడిపిక్కలు పట్టుకెళ్ళేది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా నానమ్మను ఆమె పేరు అడిగాను.

"పేరుతోటి నీకేటి పనే? ఎండుసేపల్ది. మీ నాన పెళ్ళికి ముందు నుంచీ అదే తెత్తంది," అంది నానమ్మ.

ఆ తరువాతి వారం మేడమ్ జంటలందరికీ ఒక పని అప్పగించారు. రీడింగ్ కాంప్రహెన్షన్ పాఠాలు చదవడం కాదు, ఈసారి మీరే తయారు చేయాలన్నారు. ఇంట్లోనో ఊళ్ళోనో పెద్దవాళ్ళనొకరిని ప్రశ్నలడగాలి. వాళ్ళు చెప్పింది ఒక పేజీ ప్యాసేజీగా రాసి, కింద ఐదు ప్రశ్నలివ్వాలి. ఎవర్ని అడగాలో మేం మాట్లాడుకోవాల్సిన పనే లేకపోయింది.

ఆదివారం కాలేజీ పని మీద బారువ వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. ఎవరూ వద్దనలేదు. అమ్మ మాత్రం, "తినేసెల్లు," అంది. ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. తినేసే వెళ్ళాను.

వాళ్ళ ఇళ్ళ ముందు ఇసుకలో పాత వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబెట్టారు. కాకులు వాలకుండా పైన ఇంకో వల కట్టారు. ఆ గంపామె, అంటే నా స్నేహితురాలి మామ్మ, గుమ్మంలో కూర్చుని కవళ్ళు తిరగేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"జలంత్రకోట గుంటవి కాదేటి? మీ మామ్మకి మోకాలు నొప్పి తగ్గిందా? మీ పెరట్లో జీడి ఈసారి పూత మాడిపోయిందంట గదా?"

నేను చిన్నప్పుడు అరుగు మీంచి పడి గడ్డం చీల్చుకోవడం, మా అత్తకు నిశ్చితార్థమై తప్పిపోవడం, మా నాన్నకు ఏ చేప పడదో, అన్నీ ఆమెకు తెలుసు. నోట్‌బుక్కులో ఇంగ్లీషులో రాసుకెళ్ళిన నా మొదటి ప్రశ్న 'మీరేం పని చేస్తారు?' దాన్ని నిశ్శబ్దంగా కొట్టేశాను.

ముందు ఆమే మమ్మల్ని ప్రశ్నించింది. "ఇంగిలీసులో ఎండుసేపని ఏటంతారే?"

"డ్రై ఫిష్," అంది మనవరాలు.

"నెత్తల్ని?"

"డ్రై ఫిషే."

"కానాగంతల్ని?"

"అదీ డ్రై ఫిషే మామ్మా."

"ఓలమ్మా! మరాళ్ళు బేరమెలగ సేత్తారే?" అని ముసలామె నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఒక్కొక్కటే అడుగుతూ పోయాం. గంప ఎప్పటి నుంచి మోస్తున్నావు, మొదట ఏ ఊరెళ్ళావు, ఎండ దెబ్బ తగిలితే ఏం చేస్తావు. ఇప్పుడు సోంపేట దాకా ఆటోలో వెళ్తోందట. అప్పట్లో తెల్లారకముందే నడక మొదలుపెట్టేదట. తాత సంగతి అడిగినప్పుడు మాత్రం ఒక్క మాట చెప్పింది.

"ఏటకెల్లాడు."

ఎప్పుడు, ఏమైందని మనవరాలు అడగలేదు. ఆమెకు తెలుసు కాబోలు. ముసలామె లేచి లోపలికెళ్ళి నాకు అన్నం పెట్టింది. కొత్త చింతకాయ వేసి వండిన చేపల పులుసు. నేను తిని వచ్చానని చెప్పలేదు. రెండోసారి కూడా కడుపునిండా తిన్నాను.

ఆ మధ్యాహ్నం ఇసుకలో కూర్చుని ప్యాసేజీ రాశాం. ఆమె వాక్యాలు చెప్పేది, నేను తప్పులు దిద్దేదాన్ని. తాత దగ్గరికొచ్చేసరికి 'హి హాజ్ గాన్ టు ద సీ' అంది.

"అలా రాయకూడదు. 'వెంట్' అనాలి. జరిగిపోయింది కదా," అన్నాను.

"జరిగిపోయిందని నీకెవలు సెప్పారే?"

"మరి తాత..."

"తాత సచ్చిపోయాడని మామ్మ అందేటి? ఎల్లాడంది. తెప్ప దొరకనేదు, మనిషీ దొరకనేదు. మా నాన అప్పుడు నడక నేర్సుకుంతన్నాడంట." పుస్తకం తీసి ఆ పేజీ నా ముందు పెట్టింది. "ఎల్లి, తిరిగొచ్చీసినోడికి 'హాజ్ బీన్'. ఎల్లి, ఇంకా రానోడికి 'హాజ్ గాన్'. ఇదిగో, నువ్వే గీత గీసుకున్నావు."

నిజమే, ఆ గీత నాదే. 'నాన్న బజారుకి వెళ్ళాడు, ఇంకా రాలేదు' అనేది దాని కింద ఉదాహరణ. ఆ నియమం నాకు నిద్రలో లేపినా వచ్చు. ఎన్నేళ్ళ దాకా 'ఇంకా' అనొచ్చో మాత్రం నాకు తెలియదు.

సోమవారం మేడమ్‌ను అడిగాం. ఆవిడ ఆ వాక్యాన్ని బోర్డు మీద రెండు రకాలుగానూ రాసి క్లాసునంతటినీ అడిగారు. మందస నుంచి వచ్చే అమ్మాయి, మనిషి కనిపించలేదు కనుక 'హాజ్ గాన్' అంది. వెనక బెంచీలోంచి ఒకరు, అన్నేళ్ళయ్యాక 'వెంట్' అనక తప్పదన్నారు. గొడవ పెరిగింది. మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

"పుస్తకం రాసినవాళ్ళు బజారుకెళ్ళినవాళ్ళ గురించి ఆలోచించి ఉంటారు," అన్నారు చివరికి. "దీనికి నాకు జవాబు తెలియదు. ఆవిడనే అడగండి. ఆవిడ ఎలా అనుకుంటే అలా రాయండి."

టీచరు నోట 'తెలియదు' అన్న మాట వినడం నాకదే మొదలు.

కాలేజీకి సెలవొచ్చిన ఒక గురువారం, మామ్మతో పాటు మనవరాలు కూడా గంప వెనకాలే మా ఇంటికి వచ్చింది. నానమ్మ అరుగు మీద కూర్చుని చేపలు ఏరుతోంది. నా స్నేహితురాలు మామ్మ పక్కన గొంతుక్కూర్చుని, మా తగువంతా విడమరిచి చెప్పింది.

"తాత ఎల్లాడు, ఇంకా రానేదు, అని రాయాలా? ఎల్లాడు, అయిపోయింది, అని రాయాలా మామ్మా?"

ముసలామె చేతులాపకుండానే వింది. "ఇదా మీకు పుత్తకంలో సెప్పేది?" అంది.

"సెప్పవే."

"ఎల్లిన ఏడంతా సూసాను. తర్వాతేడు సూసాను. తెప్పలొచ్చినప్పుడల్లా ఎల్లి ఒడ్డున నిలబడీదాన్ని. మీ నానకి కూడెవలు పెడతారు మరి? గంపెత్తాను. గంపెత్తిన్నాడే అయిపోయింది." ఒక చేప తల తుంచి పక్కన పడేసింది. "ఒచ్చీవోడైతే ఈపాటికొచ్చీవోడు. ఆడికి దారి తెలీదేటి?"

ఆ చిక్కుముడిని ఆమె ఎప్పుడో విప్పేసుకుంది. మేం కొత్తగా పట్టుకుని లాగుతున్నాం, అంతే. నోట్‌బుక్కు తెరిచి 'హాజ్ గాన్' కొట్టేసి 'వెంట్' అని రాశాను. పక్కనే కూర్చున్న నా స్నేహితురాలు ఈసారి అడ్డు చెప్పలేదు.

మా నానమ్మ చేపలు ఏరడం మానేసింది. "ఇన్నాళ్ళ బట్టీ ఒత్తన్నావు, ఈ మాట నాతో ఎప్పుడూ అననేదేటే?" అంది.

"నువ్వెప్పుడడిగావమ్మా?" అంది ఆమె. నిష్ఠూరంగా కాదు, ఏదో గుర్తు చేసినట్టు.

నానమ్మ నా వైపు తిరిగి, "టీ పెట్టమని సెప్పొచ్చీవే," అంది. ఆ రోజు మాతో పాటు ఆమెకూ అరుగు మీదే టీ ఇచ్చాం. ఆమెకని వేరే గ్లాసు తీయలేదు. ఆ సంగతి నేనూ నానమ్మా తప్ప ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ముసలామె ఊదుకుంటూ తాగి, చక్కెర తక్కువైందంది.

టీ అయ్యాక, రాసింది చదివి వినిపించమంది. మనవరాలు లేచి నిలబడి, బడిపిల్లలా చేతులు వెనక్కి కట్టుకుని, ప్యాసేజీ అంతా ఇంగ్లీషులో చదివింది. ముసలామెకు ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ చివరిదాకా రెప్ప వేయకుండా వింది.

"ఇందులో నానెక్కడున్నానే?"

మనవరాలు నోట్‌బుక్కు ఆమె ముందు పెట్టి, 'షీ' అన్న మాటల కింద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో నువ్వు. ఇదీ నువ్వే. ఇక్కడా నువ్వే."

"ఆ ముక్కంటే ఏటి?"

మనవరాలు నా వంక చూసింది. 'షీ' అంటే తెలుగులో ఏమని చెప్పాలి? మా ఇంట్లో ఈమె 'అది'. మా మేడమ్ 'ఆవిడ'. మా నానమ్మ గురించి బయటివాళ్ళు మాట్లాడితే 'వారు'. ముగ్గురికీ ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్కే.

"ఆడమనిషి ఎవరైనా షీనే మామ్మా," అన్నాను. ఆమెను మామ్మా అని పిలవడం నాకదే మొదటిసారి.

"మీ మామ్మ కూడానా?"

"మా మామ్మ కూడా."

"కలెకటరమ్మ?"

"కలెక్టరమ్మైనా షీనే."

ముసలామె మా నానమ్మ వైపు తిరిగి, పళ్ళులేని నోటితో గట్టిగా నవ్వింది. "సేపలన్నీ ఒకటే అన్నప్పుడు ఇంగిలీసోళ్ళకేటీ తెలీదనుకున్నాను!"

ప్యాసేజీకి మేడమ్ మంచి మార్కులే వేశారు. రెండు చోట్ల 'ద' తప్పిపోయిందని ఎర్రసిరాతో గుర్తు పెట్టారు. ఆ రెండూ నేను దిద్దాల్సినవే. ఆ ఏడాది ఆఖర్లో జరిగిన మౌఖిక పరీక్షలో నా స్నేహితురాలికి నాకంటే ఎక్కువొచ్చాయి. రెండు రోజులు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఇప్పుడు తను విశాఖలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పని చేస్తోంది. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ రోగుల బంధువులతో మాట్లాడుతుంది. మూడింటిలోనూ ప్రశ్నలే ఎక్కువని నా అనుమానం.

నేను టెక్కలిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. అనువాద అభ్యాసం వచ్చినప్పుడు 'షీ కేమ్' అని బోర్డు మీద రాసి తెలుగులో చెప్పమంటాను. కొందరు 'వచ్చింది' అంటారు, కొందరు 'వచ్చారు' అంటారు. ఏది సరైందని అడిగితే, ఎవరొచ్చారో చెప్పండి మేడమ్ అంటారు. మొన్న ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి మాత్రం లేచి నిలబడి, "రెండూ రైటే మేడమ్. మా వదిన పెళ్ళైన కొత్తలో 'వచ్చారు', ఇప్పుడు 'వచ్చింది'," అంది. క్లాసంతా నవ్వింది. మరి మీ వదిన నీ గురించి మాట్లాడేటప్పుడు ఏమంటుందని అడిగాను. కనుక్కుని రేపు చెబుతానంది.