పదో మంచం బెల్లు

నవ్వుకుంటే నవ్వుకోండి. మా పాప మీద ఒట్టు, ఇందులో ఒక్క బీప్ కూడా నేను కలిపింది కాదు.

మాదాపూర్‌లో మాదొక చిన్న కంపెనీ. తీగ లేకుండా సంకేతాలు పంపే రేడియో మాడ్యూళ్లతో పరికరాలు చేస్తాం. ల్యాబ్ ఒక్కటే గది, ఆరుగురం. అందరి మాడ్యూళ్లూ ఒకే గాలిలో మాట్లాడుకోవాలి. ఒకదాని మాట ఇంకొకటి చెడగొట్టకుండా గోడమీద ఒక బోర్డు ఉంటుంది. ఛానెల్ నంబరు, దాని ఎదురుగా మనిషి పేరు. ఒకరి ఛానెల్లోకి ఇంకొకరు వెళ్లకూడదు. ఈ పద్ధతి పెట్టింది మూర్తిగారు, మా అందరికీ పని నేర్పిన పెద్దాయన. ఆయన పోయి పది నెలలైంది. నలభయ్యో ఛానెల్ ఎదురుగా ఆయన పేరు ఇంకా అలాగే ఉంది. చెరపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆయన చివరగా మొదలుపెట్టింది మంచం బెల్లు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లు నొక్కితే నర్సు దగ్గరున్న పెట్టె మోగుతుంది, ఆ మంచం నంబరు దగ్గర లైటు వెలుగుతుంది. భార్య కమలగారి కోసమే మొదలుపెట్టారు. ఆవిడ ఇప్పుడు బాచుపల్లిలో ఒక సంరక్షణ కేంద్రంలో ఉన్నారు. పదో మంచం. ఆయన వదిలేసిన పని నా చేతికొచ్చింది. పది బెల్లులూ తెల్లారి అక్కడ బిగించాలి.

ఆ రాత్రి ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. మిగతావాళ్ల టెస్టులూ, నా ఛానెల్లో నాదే ఇంకో టెస్టూ రాత్రంతా నడుస్తున్నాయి. ఖాళీగా ఉన్నది నలభై ఒక్కటే. "ఈ ఒక్క రాత్రికి ఏమీ అనుకోకండి సార్" అని బోర్డుకి చెప్పి మరీ వాడాను.

ఒక బెల్లు నొక్కితే మోగింది. రెండు ఒకేసారి నొక్కితే... ఏదీ మోగలేదు. మళ్లీ నొక్కాను. అంతే. రెండు సంకేతాలూ ఢీకొంటున్నాయి. పెట్టె నుంచి జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ పంపమని ప్రోగ్రామ్‌లో రాశాను కూడా. అయినా పోతున్నాయి. పక్క మంచంవాళ్లు అదే క్షణంలో నొక్కితే కమలగారి పిలుపు ఎవరికీ అందదు. నోరు తెరిచి పిలవలేని మనిషి. నాకు ఏడుపొచ్చేసింది.

పది బెల్లుల బ్యాటరీలూ పీకి టేబుల్ మీద పోశాను. తల పట్టుకుని కూర్చున్నాను. ఏసీ కూడా ఆగిపోయి ఉంది. అంతా నిశ్శబ్దం...

బీప్.

పెట్టె మోగింది. తలెత్తి చూశాను. పది దగ్గర లైటు వెలుగుతోంది.

పదో బెల్లు నా ముందే ఉంది. దాని మూత తెరిచి ఉంది. లోపల బ్యాటరీ లేదు...

మళ్లీ బీప్. ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్లీ బీప్...

తలుపు తెరుచుకుంది. కెవ్వుమన్నాను. వాచ్‌మన్ యాదగిరి.

"ఏంది మేడం, పరేషాన్ అయితున్నరు? లిఫ్ట్ కాడికి ఇనబడుతున్నది బెల్లు."

"నీకూ వినపడుతోందా?"

"ఎందుకు ఇనబడది? జర ఇనుండ్రి... ఒక్కతీరుగ ఆగుతలేదు."

ఇద్దరం విన్నాం. బీప్... రెండు లెక్కపెట్టేంత ఆగింది. బీప్... ఐదు. బీప్... మూడు. బీప్.

అప్పుడు గుర్తొచ్చాయి మూర్తిగారి మాటలు. నేను చేరిన కొత్తలో చెప్పారు. "ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకే లెక్కన ఆగితే, మళ్లీ ఒకేసారే మాట్లాడతారమ్మాయ్. ఒక్కొక్కళ్లూ ఒక్కోలా ఆగాలి."

నేను చేసిందేమిటి? ఒకే ప్రోగ్రామ్ పదింటికీ ఎక్కించాను. ఆగే సమయంతో సహా! పదీ కలిసి ఆగుతున్నాయి, కలిసి ఢీకొంటున్నాయి.

"అర్థమైంది సార్" అన్నాను, పైకే. లైటు ఆరిపోయింది. యాదగిరి ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చి, నా పని అయ్యేదాకా తలుపు దగ్గరే కూర్చున్నాడు. ఒక్కో బెల్లుకీ ఆగే సమయం మార్చాను. పదీ ఒకేసారి నొక్కితే, ఒకదాని వెనక ఒకటి పదీ మోగాయి.

మావాళ్లతో చెబితే, కరెంటు కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్‌లో మిగిలిన చార్జి అన్నారు. అంతసేపు మిగులుతుందా అంటే ఎవరి టేబుల్ దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

తెల్లారి బాచుపల్లి వెళ్లాను. బెల్లు కమలగారి చేతిలో పెట్టాను. "నొక్కండమ్మా" అన్నాను. రాత్రి సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ నొక్కారు. ఆగారు, రెండు లెక్కపెట్టేంత. నొక్కారు. ఐదు. మళ్లీ నొక్కారు. మూడు. ఇంకోసారి.

మంచం అంచున కూలబడ్డాను. మూర్తిగారికీ ఆవిడకీ మధ్య ఇంట్లో అదొక అలవాటేమో... ఏమో. "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

ఆవిడకి మాట రాదు కదా. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నవ్వుతూ ఏడ్చారు.