బటానీలు తొక్కిన ట్రక్కు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి నానా భయాలుంటాయంటారు. ఆ రోజుల్లో నాకు రెండే ఉండేవి: ఒకటి మా మేనేజరు, రెండోది పెయింటు మీద గీత పడటం. ఈ రెండో భయానికి కారణం, యాభయ్యో వంతు కొలతలో లోహంతో చేసిన ఒక ట్రక్కు. వెనక పొడవాటి ట్రైలరు, మొత్తం పద్దెనిమిది చక్రాలు, తెరుచుకునే తలుపులు. (దాన్ని బొమ్మ అనకూడదు, మోడల్ అనాలి. మా ఇంట్లో ఎవరూ మోడల్ అనేవారు కాదు.) ఆర్డరిచ్చి ఐదు నెలలు ఎదురుచూశాక నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చింది. నూలు గ్లవుజులు తొడుక్కుని, అరుగు మీద పెట్టె విప్పి, భూతద్దంతో వెతికాను. ఒక్క గీతా లేదు.

అప్పుడే తాతయ్య వచ్చాడు. ముప్పయ్యేళ్లు చెరకు లారీ తోలిన మనిషి.

"ఏట్రా, లారీయే? పూజ సేయించావా?"

"మోడల్‌కి పూజేంటి తాతయ్యా!"

"సక్రాలున్నాయి కదరా! నిమ్మకాయలు తొక్కించకుండా బండి కదపకూడదు."

టైరు రెండు సెంటీమీటర్లు, నిమ్మకాయ నాలుగు. అంటే అసలు లారీ ముందు రెండు మీటర్ల నిమ్మకాయ పెట్టినట్టని లెక్క చెప్పాను, ఆశగా. తాతయ్య ఆలోచించాడు. "అయితే బటానీలెట్టు. బేగి తే!"

నేను ఎండు బటానీలతో వచ్చేసరికి తడి కుంకుమ వేలు ట్రక్కు ముక్కు మీదకి దిగుతోంది. "తడి వద్దు!" అనేలోపే బొట్టు పడింది. కొబ్బరికాయ మాత్రం బతిమాలితే వాకిట్లో కొట్టాడు. "ఇప్పుడు తోలు."

ముందు చక్రాలకి బటానీలు ఆనించి, ఒక వేలితో నెట్టాను. బటానీ నలగలేదు. ఇంకాస్త గట్టిగా నెట్టాను. ట్రక్కు ఎగిరి అవతల పడి, వాన నీళ్లు జారడానికి వాలుగా కట్టిన అరుగు మీద అంచువైపు పరుగు తీసింది. కింద సిమెంటు మెట్టు. పట్టుకోబోతే గ్లవుజు జారింది. ముందు చక్రాలు అంచు దాటాయి.

మోకాళ్ల నొప్పితో మంచం దిగడానికే మూలిగే తాతయ్య, ఎప్పుడు వంగాడో, అరచెయ్యి అడ్డం పెట్టాడు. ట్రక్కు ముక్కు అందులో ఆగింది.

"బ్రేకు లేని బండి కొన్నావేట్రా! పూజ సేసాం కాబట్టి ఆగింది."

అసలు దొర్లిందే పూజ వల్ల. సాంకేతికంగా నా దగ్గర మూడు జవాబులున్నాయి. ట్రక్కు అందుకుంటూ, "అవును తాతయ్యా" అన్నాను.

ఇప్పుడు నా అద్దాల బీరువాలో ఏడు ట్రక్కులున్నాయి, ప్రతిదానికీ ఒక చీటీ. ఆరింటి మీద 'గీత లేదు' అని, ఒకదాని మీద 'బొట్టు ఉంది' అని రాశాను. స్పిరిటుతో తుడిస్తే పోతుందని మిత్రులంటారు. సీసా కొన్నాను, మూత తీయలేదు. కొత్తది వచ్చినప్పుడల్లా మాత్రం తలుపు గడియ పెట్టుకుని రెండు బటానీలు తొక్కిస్తున్నాను. అరుగు మీద కాదు, గదిలో నేల మీద. అంచున చెయ్యి అడ్డం పెట్టే మనిషి ఇప్పుడు లేడు.