మామయ్య కట్టించిన పచ్చ కంచె

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, చదువుకున్నవాడి మాట జనం వింటారని నమ్మేంత అమాయకత్వం నాకుండేది. వ్యవసాయ పట్టా పుచ్చుకుని వచ్చిన నన్ను మా మేనమామ జార్జి టౌన్‌లోని తన సగ్గుబియ్యం మండీలో కూర్చోబెట్టాడు. నాకా మూటల దుమ్ము పడేది కాదు (నా తుమ్ములకు బేరగాళ్ళు పక్క కొట్టుకు పోయేవారు). తిరువొత్తియూరు దాటాక ఆయనకున్న కర్రపెండలం తోట నాకప్పగించమని బతిమాలాను. "సరి, చేసి చూపించు. పంట రాలేదా, మళ్ళీ ఈడనే, మూటల కాడ" అన్నాడు.

తోటలో అక్కడక్కడా ఆకులు పసుపు మచ్చలు పడి, ముడుచుకుని ఉన్నాయి. మొజాయిక్ తెగులు. మందుకు లొంగేది కాదు. జబ్బు మొక్కను కనబడగానే పీకి కాల్చెయ్యాలి, మంచి మొక్క కట్టెనే మళ్ళీ నాటాలి. లేకపోతే తెల్లదోమ ఆ రోగాన్ని తోటంతా పంచిపెడుతుంది. మామయ్య లెక్కలో శుభ్రమంటే వేరు. చెప్పులతో తోటలోకి వస్తే తిట్టేవాడు, గేటుకు నిమ్మకాయలు కట్టించేవాడు, కాళ్ళు కడగనిదే కూలివాళ్ళను రానిచ్చేవాడు కాదు. తెల్లదోమ కాళ్ళు ఎవరు కడుగుతారో నేను అడగలేదు. పెద్దాయన కదా.

జబ్బు మొక్కలన్నీ పీకించి కుప్ప వేయించాను. తీరా కాల్చబోయే సమయానికి ఆయుధపూజ వచ్చిపడింది. పారకు, కత్తికి బొట్లు పెట్టి పనులాపేశారు, నేను మండీలో పూజకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కుప్ప లేదు. ఆ కట్టెలన్నీ తోట చుట్టూ కంచెగా పాతి ఉన్నాయి.

"ఏంది మామా ఇది? అంతా జబ్బు కట్టెలు. ఆడ పెట్టబాకండి."

"పచ్చగా ఉండేదాన్ని కాలస్తారా ఎవురన్నా? కంచెకి ముళ్ళకంప కొనే పని తప్పింది. నీకేం తెలుసురా."

పట్టా తీసుకున్నవాడికేం తెలుస్తుంది! నెల తిరిగేసరికి కంచె చిగురించింది, ప్రతి ఆకూ పసుపు మచ్చలతో. మామయ్య బంధువులను పిలిచి మరీ చూపించాడు. తెల్లదోమకు ఇంతకన్నా మంచి విడిది ఎక్కడ దొరుకుతుంది? తవ్వే నాటికి గడ్డలు బొటనవేలంత ఉన్నాయి.

అయినా నేను ఆశ వదల్లేదు. చివరి మడిలో ఒక్క మచ్చా లేని మొక్కలు కొన్ని మిగిలాయి. వాటి కట్టెలు విడిగా కోసి, నీడలో తడిగోనె కప్పి దాచాను. "ఇంకొక్క కాపు ఇవ్వండి మామా, ఇవి నాటుతా. మిగతాదంతా కాల్చేద్దాం" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి తలూపాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి తోట మధ్య బూడిద కుప్ప. కంచె లేదు. గోనె లేదు. దాని కింద నేను దాచిన మంచి కట్టెలూ లేవు.

మామయ్య పంచె ఎగ్గట్టి, మొహమంతా మసితో ఎదురొచ్చాడు. "చూస్తివా? నువ్వు చెప్పినట్టే ఒక్క పుల్ల మిగలకుండా చేసినా. కర్పూరం పెట్టి ముట్టించినా."

తోట పోయింది, నేను మళ్ళీ మూటల పాలు. నాలుక చివరిదాకా వచ్చిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి, అచ్చు వేయదగ్గవి కావు. కాని జీవితంలో మొదటిసారి నా మాట విని, మెప్పు కోసం నా మొహంలోకి చూస్తున్నాడాయన. "బాగా చేసినారు మామా" అన్నాను. ఆ వయసులో లోకమంతా మూర్ఖులని తిట్టుకుంటూ తిరిగిన ఆ కుర్రాడు అన్న తెలివైన మాట బహుశా అదొక్కటే. దాని కోసమే వాణ్ణి ఇప్పటికీ ఇష్టపడుతుంటాను.